సున్నా నడుమ ముక్క

చేపను కంటితో కాక వేలితో కొనాలన్న విద్య లక్ష్మీతిరుపతమ్మకు పదేళ్ళ వయసులోనే అబ్బింది. మొప్పల పక్కన బొటనవేలు ఆన్చి అదిమితే, పడ్డ సొట్ట వెంటనే పూడుకుంటే అది ఆ తెల్లవారుజామున వలలో పడ్డది. పూడకపోతే నిన్నటిది. సూర్యలంక ఒడ్డున బోట్లు దిగేచోట త్రాసుకు లేని మర్యాద ఆమె వేలికి ఉండేది. ఆమె నొక్కి పక్కకు నెట్టిన వంజరాన్ని వెంటనే మరొకరు కొనేవారు కాదు.

ఆ వేలు ఆ సోమవారం పొద్దున స్నానం చేస్తుండగా, ఎడమ రొమ్ము బయటి పక్కన ఒకచోట ఆగిపోయింది.

ఆ రొమ్ము ఆమెకు కొత్త కాదు. ఆరేళ్ళ క్రితం, ఇరవై ఏడేళ్ళ వయసులో, అందులో గోలీకాయంత గడ్డ పుట్టింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డనూ, దాని చుట్టూ కొద్దిపాటి కండనూ మాత్రమే తీసి, ఆపైన ఆరు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టారు. కరెంటు సోకిన కండ అప్పటినుంచీ గట్టిగానే ఉంటోంది. అది ఎంత గట్టిగా ఉంటుందో ఆమె రోజూ తడిమి చూసుకునేది. జాగ్రత్త అనుకున్నది గాని, నెమ్మదిగా మారే వస్తువును రోజూ తాకే వేలికి ఆ మార్పు తెలియదన్న సంగతి ఆమెకు తట్టలేదు. మొన్నామధ్య జెల్ల చేప ముల్లు గుచ్చుకుని బొటనవేలు వాచింది. ఇరవై రోజులు కట్టుతో తిరిగింది. కట్టు విప్పిన పొద్దున, ఎవరిదో ఒంటిని తాకినట్టు తాకింది. మచ్చకు కిందుగా, ఇరవై రోజుల క్రితం తాను ఎరగని గింజ ఒకటి తగిలింది. నొక్కింది. అది కదలలేదు.

నీళ్ళ చెంబు దించి, ఒళ్ళు తుడుచుకుని బయటికి వచ్చింది.

మొగుడు నాగశివ వేటకు పోయి రెండు రోజులైంది, మరునాటికి గాని రాడు. ఎనిమిదేళ్ళ కూతురు స్నేహ బడికి జడ వేయమని పిలుస్తోంది. జడ వేసింది. మూడు పాయలు ఏవో మరిచిపోయి రెండుసార్లు విప్పి అల్లింది. పిల్ల గుమ్మం దాటాక, వాకిట్లో నెత్తళ్ళు ఆరబోస్తున్న అత్త రత్తాలు దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"ఏంటే, దెయ్యాన్ని చూసినట్టున్నావు?" అన్నది రత్తాలు తలెత్తకుండానే.

"మళ్ళీ తగిలిందత్తా."

రత్తాలు చేతిలోని నెత్తళ్ళు పట్టా మీద కుప్పగా పడ్డాయి. వాటిని పలచన చేయకుండానే లేచి చెయ్యి కడుక్కుంది.

*

బాపట్ల నుంచి రైల్లో తెనాలి చేరేసరికి పది దాటింది. డాక్టరు మాధురి ఆసుపత్రిలోనే మామోగ్రాం తీశారు. గంట తరువాత లోపలికి పిలిచి, వెలుగుతున్న తెల్ల పలక మీద కొత్త ఫిల్మును పెట్టారు.

"నిరుడు తీసిన ఫిల్మేదమ్మా? రిపోర్టు కాగితం ఒక్కటే తెచ్చావు."

"ఇంట్లో కనిపించలేదండి. పెట్టంతా వెతికాను."

"తీసినచోట కంప్యూటర్లో ఉంటుందిగా?"

"ఆ స్కానింగు సెంటరు ఎత్తేశారండి. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల షాపు."

డాక్టరమ్మ నిట్టూర్చి పెన్ను మొనతో చూపించారు. "ఈ నాలుగు తెల్ల చుక్కలూ చూశావా? ఆపరేషన్ అప్పుడు గుర్తు కోసం లోపల వదిలిన క్లిప్పులు. నాలుగోదాని కిందుగా చూడు."

తిరుపతమ్మ చూసింది. నడుమ తెల్లగా, చుట్టూ సన్నని ముళ్ళతో ఒక చిన్న ఉండ. సముద్రపు గాలికి ఇసుక మీద దొర్లే ముళ్ళగడ్డి ఉండ, రావణాసురుడి మీసం, గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాటి వెంట పడి పరుగెత్తేది. ఇప్పుడు అది తన లోపల ఎక్కడికీ దొర్లకుండా ఆగి ఉంది.

"అదేనా అండి?"

"చెప్పలేను. కోసినచోటి మచ్చ కావచ్చు. కరెంటు పెట్టినచోట కొవ్వు చచ్చి గడ్డకట్టినా ఇలాగే కనబడుతుంది. జబ్బు తిరగబెట్టడమూ కావచ్చు. బొమ్మ చూసి తేల్చేది కాదు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

"సూది వద్దమ్మా!" అన్నది రత్తాలు. "కదిపితే పాకుద్దంట కదా. మా వీధిలో ఒకావిడకి సూది గుచ్చిన ఆర్నెల్లకే..."

"ఆవిడకి సూది గుచ్చకముందే పాకి ఉంటుంది పెద్దమ్మా. సూది దాన్ని కనిపెట్టింది, అంతే. ముందు కనబడినదాని మీద నేరం వేస్తాం మనం."

"అయిదేళ్ళు నిండితే ఇంక రాదన్నారు కదండీ?" అని అడిగింది తిరుపతమ్మ.

"ఎవరన్నారు?"

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరన్నారో ఇద్దరికీ జ్ఞాపకం లేదు. కాని ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి అది. నిరుడు అయిదేళ్ళు నిండిన రోజున పొంగలి వండారు. బోటుకు కొత్త రంగులు వేయించారు.

"అయిదేళ్ళన్నది మేము లెక్క చూసుకోవడానికి గీసుకున్న గీతమ్మా. ఆ గీత జబ్బుకి తెలియదు. చిన్నవయసులో వచ్చినవాళ్ళకి, రొమ్ము ఉంచి ఆపరేషన్ చేసినప్పుడు, అదే రొమ్ములో మళ్ళీ వచ్చే అవకాశం పెద్దవాళ్ళకన్నా కొంచెం ఎక్కువ. అందుకే ఏటేటా రమ్మనేది."

ఆ మాటతో రత్తాలు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. ఏ మాట మింగిందో తిరుపతమ్మకు తెలుసు. ఆరేళ్ళ క్రితం గుంటూరు ఆసుపత్రి వరండాలో, "మొత్తం తీయించేసుకోవే, పీడ వదులుద్ది" అని రత్తాలు పట్టుబట్టింది. వద్దని మొండికేసింది తిరుపతమ్మ. అప్పటికి పిల్లకు రెండేళ్ళు. తన ఒళ్ళు తనకు మిగలాలనుకుంది. ఆ కోరికకే ఇది శిక్షేమోనని ఇప్పుడు అనిపించింది.

"నిరుడూ ఇలాగే ఉండి ఉంటే, అప్పుడూ సూది వెయ్యాలా అండి?"

డాక్టరమ్మ కాస్త ఆలోచించారు. "నిరుడూ ఇదేచోట ఇంతే ఉండి, ఏడాదిలో పెరగకపోతే, తొందర తగ్గుతుంది. రెండు మూడు నెలలాగి మళ్ళీ చూడొచ్చు. ఫిల్ము దొరికితే పట్రా, సాయంత్రం ఆరింటిదాకా ఉంటాను. దొరక్కపోతే మాత్రం నన్ను ఆగమనకు."

*

తెనాలి స్టేషను ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు. రత్తాలు నీళ్ళ కుళాయి దగ్గర ఆగి, మొహం కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, ఆ కొంగు చాటునుంచే చెప్పింది.

"ఇంటికెళ్ళి వెతకమాకే. ఆ ఫిల్ము ఇంట్లో లేదు. నేనే ఇచ్చేశా."

"ఎవరికి?"

"రేపల్లె రంగుల బసవపున్నయ్యకి. నిజాంపట్నంలో బోటుకి రంగులేసేటప్పుడు నంబరు కొయ్యటానికి మందపాటి ఎక్స్‌రే రేకుంటే ఇమ్మన్నాడు. అయిదేళ్ళు నిండినియ్యి, జబ్బు ఫొటో ఇంకా ఇంట్లో ఎందుకులే అని..."

ఆ తీరంలో అది వింతేమీ కాదు. బోటు నంబరు అందరికీ ఒకే కొలతలో, దూరానికి కనబడేలా ఉండాలి. అట్టముక్క రంగుకు నానిపోతుంది, ఇనపరేకు వంపు తిరిగిన బోటు ఒంటికి ఆనదు. ఎక్స్‌రే ఫిల్ము రెంటికీ పనికొస్తుంది. దాని మీద అంకెలు కోసి, బోటుకు ఆన్చి, పైన రంగు అద్దుతారు. ఆ ఒడ్డున నిలబడ్డ బోట్ల నంబర్లలో సగం ఎవరెవరివో విరిగిన ఎముకల మీదుగా రాసినవే.

తిరుపతమ్మకు అరవాలనిపించింది. కాని నోటివెంట వచ్చింది వేరు.

"నా రొమ్ము మీద బోటు నంబరు కోయించావా అత్తా?"

"మీ ఆయన బోటేగా. ఊళ్ళోవాళ్ళది కాదుగా."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూసేంతగా వచ్చింది. తరువాత తిరుపతమ్మ నవ్వు ఎక్కడో దారి తప్పింది. కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో దాన్ని దాచుకుంది.

రేపల్లె బండి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన కూర్చుని ఒళ్ళో కొత్త ఫిల్మున్న కవరును రెండు చేతులా పట్టుకుంది. జంపని దాటింది, వేమూరు దాటింది. కొల్లూరు అరటిగెలతో ఎక్కినావిడ కాళ్ళు కాస్త జరపమని అడిగినా వినిపించలేదు. రత్తాలు కళ్ళు మూసుకుని, ఆ మచ్చ పాతదే అయితే నిలువెత్తు బెల్లం తూచి ఇస్తానని గొణుగుతోంది. అది విని తిరుపతమ్మకు ఒక ఆలోచన వచ్చింది. ఫిల్ము మీద నీడ ఏడాది క్రితమే పడిపోయింది. ఉన్నదైతే ఉంది, లేనిదైతే లేదు. ఇవాళ మొక్కిన మొక్కు నిరుటి నీడను ఎలా మారుస్తుంది? ఆలోచన సరైనదే. కాని దానివల్ల ఆమెకు ధైర్యమేమీ రాలేదు. తన గతి అప్పుడే తేలిపోయి, రంగు పూసుకుని, రేపల్లెలో ఏదో గోడ మేకుకు వేలాడుతోందన్న భయం మాత్రం కొత్తగా పట్టుకుంది. భట్టిప్రోలు దగ్గర బండి ఆగితే, అది ఇంక కదలకుండా ఉంటే బాగుండుననుకుంది.

*

బసవపున్నయ్య ఇల్లు రేపల్లెలో రైసుమిల్లు వెనక సందులో ఉంది. డెబ్బై ఏళ్ళవాడు. ఒకప్పుడు ఎన్నికలకు గోడల నిండా ఎర్ర అక్షరాలు రాసినవాడు. ఇప్పుడు చెయ్యి వణుకుతోందని అచ్చులు కోసి బోట్లకే రాస్తున్నాడు.

"రా చెల్లెమ్మా, రా!" అన్నాడు రత్తాల్ని చూసి. "ఏంటి, నంబరు మారిందా? బోటు అమ్మేశారా?"

"నంబరు కాదన్నయ్యా. ఆ అచ్చు కావాలి."

"అచ్చుతో మీకేం పని?"

రత్తాలు తల వంచుకుంది. తిరుపతమ్మే చెప్పింది. "దాని మీద నా ఫొటో ఉంది బాబాయ్. డాక్టరమ్మ చూడాలంటోంది."

"నీదా? నేను ఎవరిదో మోకాలనుకున్నానమ్మా."

"మోకాలు కాదు."

ఆమె మొహమూ, చేతిలోని ఆసుపత్రి కవరూ చూసి, అతను కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకుని, లోపలికి వెళ్ళాడు. గోడకు వరసగా మేకులు. మేకుకు పది చొప్పున ఫిల్ములు. ఒక్కొక్కటే తిప్పుతుంటే రంగు పెచ్చులు రాలుతున్నాయి. చివరకు ఒకటి లాగి వెలుగులోకి తెచ్చాడు. నీలం రంగుతో బిరుసెక్కిన రేకు. దాని మీద జానెడేసి అంకెలు మూడు: ఐదు, సున్నా, నాలుగు.

రత్తాలు అరుగు మీదనే కూలబడింది. లోపలికి రాలేనంది.

ఫిల్ము మీద పక్కపక్కన రెండు బొమ్మలుండేవి. మొదటిదాన్ని ఐదు నిలువునా తినేసింది. రెండోదాని మీదికి సున్నా వచ్చింది. తిరుపతమ్మ కొత్త ఫిల్మును కిటికీకి ఆన్చి, చుక్కలు ఎంత దూరంలో ఉన్నాయో చూసింది. పాతదాని మీద ఆ చోటు సరిగ్గా సున్నా లోపల పడుతోంది.

"పోయింది," అన్నది. మాటతోపాటు ఊపిరీ పోయింది. ఆ ఊపిరిలో కొంత ఊరట కూడా ఉన్నందుకు సిగ్గుపడింది.

"పోలేదమ్మా. ఇటు చూడు. సున్నా అంతా కోస్తే నడుమ ముక్క ఊడిపోతుంది. అప్పుడది సున్నా కాదు, నీలం ముద్ద. అందుకని పైనొకటి కిందొకటి, రెండు సన్నటి పట్టీలు వదులుతాను. నడుమ ముక్క వాటిని పట్టుకుని నిలబడుతుంది. బొమ్మ దాని మీదుంటే ఉన్నట్టే."

పాత బనీను గుడ్డను కిరోసిన్‌లో ముంచి పిండాడు. వణికే చేతిని చూసుకుని, గుడ్డ ఆమెకే ఇచ్చాడు. "నువ్వే తుడు. మెల్లగా. గట్టిగా రుద్దావంటే రంగుతోపాటు బొమ్మా ఊడొస్తుంది."

తిరుపతమ్మ బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఆ చిన్న ముక్క మీద ఆన్చింది. నీలం మెల్లగా కరిగింది. దాని కింద బూడిదరంగు పొగ. పొగలో ఒక తెల్ల చుక్క. ఇంకొకటి. మూడోది. నాలుగోది.

సముద్రంలో చేపలున్న చోటును మళ్ళీ పట్టుకోవడానికి నాగశివ ఒడ్డున రెండు గుర్తులు చూసుకుంటాడు. సరుగుడు తోట కొసనూ, ఊళ్ళో నీళ్ళ ట్యాంకునూ ఒక వరసలోకి తెచ్చి, ఆ వరస వెంట బోటు నడుపుతాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెకూ నేర్పాడు. ఆమె మూడో చుక్కనూ నాలుగో చుక్కనూ వరసలో పెట్టి, ఆ వరస వెంట కిందికి చూపు నడిపింది. కొత్త ఫిల్ములో ముళ్ళ ఉండ ఉన్న దూరానికి వచ్చి ఆగింది.

అక్కడ ఏమీ లేదు.

"ఇంకా రంగుంది బాబాయ్. కనబడటం లేదు."

అతను వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "రంగంతా పోయిందమ్మా. అది బొమ్మే."

మళ్ళీ వరస పెట్టింది. మళ్ళీ అక్కడికే వచ్చింది. నిరుడు ఆ చోటు, వాన వెలిసిన ఆకాశంలా, శుభ్రంగా ఉంది.

వేలికి గుడ్డ ఇంకా చుట్టే ఉంది. వేలు ఇంకా ఆ ముక్క మీదే ఉంది. రెండుసార్లు గట్టిగా అదిమితే బొమ్మ ఊడొస్తుందని ఇప్పుడే విన్నది. అప్పుడు ఎవరూ ఏమీ చెప్పలేరు. నిరుడూ ఉందంటే అత్త నమ్ముతుంది. బెల్లం తూస్తుంది. సూది వద్దంటుంది. తనను ఆ మాట అనదు. రెండు నెలలు, మూడు నెలలు... స్నేహకు జడలు వేస్తూ, చేపలు నొక్కుతూ, ఏమీ ఎరగనట్టు.

బసవపున్నయ్య ఆమె వేలివైపు చూశాడు. మొహం తిప్పుకుని మిగిలిన ఫిల్ములు సర్దసాగాడు.

ఇక్కడ తుడిస్తే అక్కడిది పోదు. అంత చిన్న సంగతి మనసుకు అందడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో తెలియదు. గుడ్డ విప్పి కింద పెట్టింది. బొటనవేలంతా నీలం.

అరుగు మీదికి వచ్చింది. రత్తాలు లేవలేదు. కళ్ళతోనే అడిగింది.

"నిరుడు లేదత్తా. ఇది కొత్తగా వచ్చింది."

సందులో ధాన్యం ట్రాక్టరు పోతోంది. అది పోయేదాకా ఆగవలసి వచ్చింది. ఆరేళ్ళ నుంచీ ఆ నోట్లో ఆగి ఉన్న మాట కోసం తిరుపతమ్మ భుజాలు బిగించి నిలబడింది.

"అప్పుడే..." అన్నది రత్తాలు.

"అనెయ్యత్తా. మొత్తం తీయించెయ్యమన్నావు. నేనే వినలా."

"అది కాదే పిచ్చిదానా." రత్తాలు లేచి, కోడలి చెయ్యి పట్టుకుని, నీలం వేలిని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది పోయే రంగు కాదని ఇద్దరికీ తెలుసు. "అప్పుడే దీన్ని పెట్టెలో ఉండనిస్తే పొద్దున్నే తేలిపోయేది. నిన్ను ఇంతదూరం తిప్పి, నీ చేతనే తుడిపించా. నా చేతులిరగ."

*

అయిదున్నరకు తెనాలి ఆసుపత్రి గదిలో కిరోసిన్ వాసన నిండింది. పలక మీద పాత ఫిల్ము పెట్టగానే వెలుగు రంధ్రాల్లోంచి దూకి, డాక్టరమ్మ తెల్లకోటు మీద ఐదు, సున్నా, నాలుగు పడ్డాయి.

డాక్టరమ్మ సున్నా నడుమ ముక్క దగ్గరకు వంగారు. కొత్త ఫిల్ము వైపు చూశారు. మళ్ళీ వంగారు.

"నాలుగో క్లిప్పు కింద లేదండి," అన్నది తిరుపతమ్మ. "చూసుకునే వచ్చాను."

"లేదు. కొత్తదే." ఆమె కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "కొత్తదైనంత మాత్రాన జబ్బేనని కాదు. కరెంటు పెట్టిన ఎన్నో ఏళ్ళకి కూడా కొవ్వు గడ్డకట్టడం ఉంది. కాని జబ్బు కాదనుకుని ఆగే వీల్లేదు. జబ్బే అయినా, చిన్నగా ఉండగా పట్టుకుంటే చెయ్యడానికి చాలా ఉంది."

"అమ్మా, ఒక్క మాట." రత్తాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆ రోజే మొత్తం తీయించేస్తే ఇది వచ్చేదా?"

తిరుపతమ్మ కళ్ళు మూసుకుంది.

"మొత్తం తీసినవాళ్ళకీ కోసినచోట చర్మంలో రావచ్చు పెద్దమ్మా. కొంచెం తక్కువ, అంతే. ఎంతకాలం బతుకుతారన్న దాంట్లో మాత్రం రెంటికీ తేడా లేదని వేలమందిని ఇరవై ఏళ్ళపాటు చూసి తేల్చారు. ఈ అమ్మాయి చేసింది తప్పు కాదు."

రత్తాలు తల ఊపింది. ఎంత నమ్మిందో తెలియదు గాని, వచ్చి బల్ల పక్కన నిలబడింది.

మత్తు సూది మొదట చురుక్కుమంది. తరువాత ఆ పక్కంతా తనది కాకుండా పోయింది. డాక్టరమ్మ పెద్ద సూదిని స్కాను గొట్టం పక్కకు తెచ్చారు.

"టక్కుమని చప్పుడవుతుంది. కదలకూడదు. భయంగా ఉందా?"

"ఉందండి. చాలా ఉంది."

"ఆగనా?"

గోడమీద ఇంకా వెలుగు పలక ఆర్పలేదు. నీలం మరకల నడుమ, రెండు సన్నటి పట్టీలను పట్టుకుని, ఆ చిన్న ముక్క నిలబడి ఉంది. తిరుపతమ్మ దాన్నే చూస్తూ అత్త చేతిని వెతుక్కుంది. దొరికింది. దాన్ని గట్టిగా పట్టుకుంది.

"వద్దండి. వెయ్యండి," అన్నది.

టక్కుమంది.